అదే ముఖం, అదే వేషం

ప్రియమైన తమ్ముడికి,

సూపర్‌స్టార్ ఎలా తయారవుతాడని నువ్వు రాసిన వ్యాసం చదివాను. అందం, ప్రతిభ, అదృష్టం అని మూడు మాటల్లో తేల్చేశావు. ఆ మూడింట్లో రెండు ఉండి కూడా మద్రాసు సినిమావాళ్ళ పేట కోడంబాకంలో గది అద్దె కట్టలేక ఊరికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో! వాళ్ళకు దక్కనిది ఏమిటో వెతకాలి నువ్వు. అదృష్టం అని రాశావంటే అక్కడితో వెతకడం మానేసినట్టే.

ఎన్టీఆర్ సంగతే తీసుకో. 'మాయాబజార్' (1957) కంటే ముందే ఒక సినిమాలో ఆయన కృష్ణుడిగా కనిపించారు. జనం మెచ్చలేదు. అందుకే 'మాయాబజార్' దర్శకుడు కె.వి.రెడ్డి మళ్ళీ ఆ వేషం వేయమంటే వెనకాడారు. మనిషి అదే, ముఖం అదే, వేషమూ అదే. మరి ఈసారి హారతులు ఎందుకు పట్టారు?

పద్యనాటకాలు చూసి పెరిగిన జనానికి కృష్ణుడు ఎలా ఉండాలో ముందే తెలుసు. ఆ కొలతకు సరిపోవడం ఒక్క నటుడి వల్ల అయ్యే పని కాదు. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, పీతాంబరం మేకప్, కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలు, పింగళి మాటలు, అన్నిటికీ మించి కె.వి. పట్టుదల. తెలుగు టాకీ పుట్టి అప్పటికి పాతికేళ్ళు. ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టగల విజయా లాంటి నిర్మాణ సంస్థ ఉండబట్టే అది కుదిరింది. 'పాతాళభైరవి' రోజుల్లో ఎన్టీఆర్ అక్కడ నెల జీతం మీద పనిచేశారు. నీ వ్యాసంలో ఈ పేర్లు ఒక్కటీ లేవు. నాకు బాధనిపించింది.

తిరుపతి వెళ్ళిన మనవాళ్ళు బస్సుల్లో మద్రాసు దాకా వెళ్ళి ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడేవారు. మా మేనత్త అలా వెళ్ళొచ్చింది. "ఎవర్ని చూశావత్తా?" అంటే "స్వామిని" అంది. ఎన్టీఆర్‌ని అనలేదు.

ఇంకో పని చెయ్యి. మీ ఊరి పాత థియేటర్లో పనిచేసిన ఆపరేటర్ ఎవరైనా ఉంటే వెళ్ళి కలువు. హిట్ల గురించి అడక్కు, అవి అందరూ చెబుతారు. వరసగా ఫ్లాపులు వచ్చాక కూడా మొదటి ఆటకు ఎవరి సినిమాకు హాలు నిండేదో, నేల టికెట్ల దగ్గర తోపులాట ఎవరి కోసం జరిగేదో అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని, రెండో పేరా నుంచి మళ్ళీ మొదలుపెట్టి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అన్నయ్య