జపాన్‌కి వస్తున్న చిన్నికి పిన్ని రాసేది

చిన్నీ,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. నేనూ బాబాయీ టోక్యోలో కాపురం పెట్టి 17 ఏళ్లు దాటింది. ఉద్యోగం సంగతి నువ్వు చూసుకోగలవు. ఆఫీసు బయట నేను ఎక్కడెక్కడ తడబడ్డానో చెప్తాను, నీకు పనికొస్తుంది.

ముందు కుక్కర్ సంగతి. వచ్చిన కొత్తలో బాబాయికి క్యారేజీ కట్టాలని పొద్దున్న ఐదున్నరకే కుక్కర్ పెట్టేదాన్ని. నాలుగు విజిల్స్. ఓ రోజు పోస్టు డబ్బాలో కాగితం కనిపించింది. తెల్లవారుజామున చప్పుళ్లు లేకుండా అందరూ సహకరించాలని బిల్డింగ్ చూసుకునేవాళ్లు వేశారు. ఎవరి పేరూ లేదు, అన్ని ఫ్లాట్లకీ అదే కాగితం. మనకి కాదులే అనుకున్నాను. రెండు వారాలకి మళ్లీ అదే కాగితం, ఈసారి 'తెల్లవారుజామున' అన్న మాట కింద ఎర్ర గీత. అప్పటికిగానీ అది నాకేనని తట్టలేదు. ఆ రెండు వారాలూ పక్క ఫ్లాటావిడ లిఫ్టులో ఎదురైతే నవ్వుతూ తల వంచి పలకరిస్తూనే ఉంది. అది నటన కాదమ్మా. మొహం మీద చెప్పి ఎదుటి మనిషిని చిన్నబుచ్చకూడదన్నది వాళ్ల మర్యాద. మన వీధిలో అయితే "ఏమ్మా, పిల్లాడు లేచిపోతున్నాడు, కాస్త చూసుకో" అని గోడ మీంచి ఒక్క మాట అనేసి ఊరుకునేవాళ్లు. ఇక్కడ ఆ మాట మన దాకా రాదు, మనమే వెళ్లి అడగాలి. ఇంట్లో దిగిన వారంలోపే పక్కవాళ్లకీ, కింద ఫ్లాటు వాళ్లకీ ఓ చిన్న స్వీట్ ప్యాకెట్టో టవలో ఇచ్చి, పాప ఉంది, చప్పుడైతే చెప్పండి అను. నేను మూడేళ్లు ఆలస్యంగా చేశాను ఆ పని.

చెత్త విషయంలోనూ ఇంతే. కాలేదానికి ఒక రోజు, కాలనిదానికి ఒక రోజు, సీసాలు, డబ్బాలు, అట్టలకి ఇంకో రోజు. తప్పు రోజు పెడితే ఎవరూ తిట్టరు. లారీ వెళ్లిపోతుంది, కాకులు పీకకుండా కప్పే వల కింద నీ సంచి ఒక్కటే స్టిక్కర్ అంటించుకుని మిగిలిపోతుంది. వార్డు ఆఫీసులో చెత్త క్యాలెండర్ ఇస్తారు, ఇంగ్లీషులో ఉందేమో అడుగు. పాత మంచం, కుర్చీ లాంటివి పారేయాలంటే ముందే బుక్ చేసుకుని, స్టిక్కర్లు కొని అంటించాలి.

వార్డు ఆఫీసుని ఇక్కడ కుయాకుషో అంటారు. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు అక్కడ అడ్రస్ నమోదు చేయించాలి. అప్పుడే పాప వైద్యానికి ఇచ్చే కార్డు కూడా అడుగు. పెద్దవాళ్లం బీమా ఉన్నా బిల్లులో 30 శాతం కట్టుకోవాలి. టోక్యో వార్డుల్లో పిల్లలకి ఆ భారం దాదాపు ఉండదు, కానీ అప్లై చేస్తేనే. ఇంకో మాట, ఇక్కడి నివాస పన్ను నిరుటి ఆదాయం మీద వేస్తారు. అందుకే మొదట్లో జీతం నిండుగా కనిపించి, తర్వాతి ఏడాది జూన్ నుంచి తగ్గుతుంది. మేం కంగారుపడి ఆఫీసులో గొడవపెట్టుకున్నంత పని చేశాం.

ఇల్లు వెతికేటప్పుడు మనసు గట్టి చేసుకో. మొదటిసారి ఏజెంటు నా ఎదురుగానే ఓనర్‌కి ఫోన్ చేసి, "ఇండియా వాళ్లు" అని చెప్పి, అవతలి మాట విని, ఫోన్ పెట్టేసి నాకు పదేపదే క్షమాపణ చెప్పాడు. బయటికొచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీకూ ఎదురుకావచ్చు. తప్పు నీది కాదు. విదేశీయులకి ఇచ్చే ఇళ్లే చూపించమని ముందే చెప్పు, టైం, బాధ రెండూ మిగులుతాయి. డిపాజిట్, ఓనర్‌కి కానుకగా ఇచ్చే, తిరిగిరాని రెయ్‌కిన్, అద్దెకి పూచీ ఉండే గ్యారంటీ కంపెనీ ఫీజు, ఏజెంటు కమిషన్ అన్నీ కలిపి నాలుగైదు నెలల అద్దె చేతిలో పెట్టుకో. బిల్డింగ్ 1981 జూన్ తర్వాతి భూకంప నిబంధనలతో కట్టిందేనా అని తప్పకుండా అడుగు. 2011 మార్చి 11న వచ్చిన పెద్ద భూకంపంలో మా బీరువా నా కళ్లముందే గోడ వదిలి ముందుకొచ్చింది. పాప పడుకునే వైపు ఎత్తైన సామాను పెట్టకు. 119 అంబులెన్స్‌కి, ఫైర్‌కి. 110 పోలీసుకి. పాపకి కూడా నేర్పు.

భాషలో ఒక్క మాట ముందు పట్టుకో. నువ్వేదైనా అడిగినప్పుడు "చొత్తో..." అని సాగదీసి ఆగిపోతే, అది కుదరదని అర్థం. ఆలోచిస్తున్నారేమోనని నిలబడకు. హోటల్లో మాంసం వద్దంటే సరిపోదు, మిసో సూప్‌లోనూ ఉడికించిన కూరగాయల్లోనూ చాలాసార్లు చేపలతో కాచిన రసం, అదే దాషి, ఉంటుంది. మీ ఇంట నీసు ముట్టరు కాబట్టి "సకానా నో దాషి" ఉందా అని పేరు పెట్టి అడుగు.

విదేశీయులమని ఎవరూ కూర్చోక, రైల్లో నీ పక్క సీటు ఖాళీగా ఉండిపోయే రోజులుంటాయి. నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ అదే రైల్లో నేను మర్చిపోయిన పర్సు, ఒక్క నోటూ పోకుండా స్టేషన్‌లో దొరికింది.

చింతపండు, కందిపప్పు మోసుకురాకు, టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో దొరుకుతాయి. పాప టీకాల పుస్తకం మర్చిపోకు. పేరు విషయం ముఖ్యం. బ్యాంకులో, ఆఫీసులో కతకానా అక్షరాల్లో, అంటే విదేశీ పేర్లు రాయడానికి వాళ్లు వాడే లిపిలో, రాయమంటారు. వాళ్లకి ల, ర ఒకటే, మన ఇంటిపేరు పలకడానికి అవస్థపడతారు. ఒకసారి రాసిన తీరే అన్నిచోట్లా రాయి. ఒక్క దీర్ఘం తేడాతో బాబాయి మొదటి జీతం వెనక్కిపోయింది. నారిటా ఎయిర్‌పోర్టులో జైర్యూ కార్డు, అదే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, చేతికివ్వగానే, కౌంటర్ దగ్గరే నిలబడి స్పెల్లింగ్, పుట్టినతేదీ పాస్‌పోర్టుతో సరిచూసుకో. బాబాయి బయట ఉంటారు, తొందరేం లేదు.

నీ పిన్ని