ఆపరేషన్ చేసే చేతిని దూరం నుంచి ఎలా అంచనా వేస్తారు?

అమలాపురంలో ట్రైనింగ్‌లో ఉన్న సర్జన్ పనితనం ఎక్కడో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుందని అడిగారు. మంచి వీడియో ఉంటే తెలుస్తుందండీ. నర్సాపురంలో లేసు అల్లే ఆవిడ సూది కదలిక చూస్తేనే చెయ్యి తిరిగిందో లేదో తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే.

లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పెట్టి చేసే ఆపరేషన్, దాని ప్రాక్టీసుకు కెమెరా ఉన్న పెట్టె ఉంటుంది. పొడవాటి పరికరాలతో చిన్న రబ్బరు ముక్కల్ని ఒక పుల్ల మీంచి ఇంకోదానికి మార్చాలి, గీసిన వలయం వెంట గాజుగుడ్డ కత్తిరించాలి, కుట్టేసి ముడి వెయ్యాలి. టైమూ తప్పులూ రెండూ లెక్కిస్తారు.

ఆ వీడియోలో పేరు తీసేసి వేరే ఊరి సీనియర్లకు పంపితే, 1990లలో టొరంటోలో తయారైన ఓసాట్స్ లాంటి స్కేలుతో మార్కులేస్తారు: కణజాలాన్ని ఎంత సున్నితంగా పట్టుకున్నారు, చెయ్యి అనవసరంగా ఎంత కదిలింది, తర్వాతి అడుగు ముందే తెలుసా అని. పేరు కనపడకపోవడం చాలా ముఖ్యం, అందరికీ అందరూ తెలిసిన మన జిల్లాల్లో మరీను.

ఇది ఉత్త మార్కుల గోల కాదు. 2013లో మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల వీడియోలకు తోటి సర్జన్లే మార్కులేస్తే, మార్కుల్లో అట్టడుగున ఉన్న పావు వంతు సర్జన్ల పేషెంట్లలో కాంప్లికేషన్లు 14.5 శాతం, పైన ఉన్న పావు వంతు వాళ్ల పేషెంట్లలో 5.2 శాతమే! అయితే అసలు ఆపరేషన్ అవసరమా కాదా అనే నిర్ణయం వీడియోలో తేలదు, అది విడిగా చూడాలి.