కోర్సులన్నీ పాసైనా పట్టా ఆపుతారా?

ప్రశ్న: మా బిడ్డ అమెరికాలో బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్ చదువుతోంది. సబ్జెక్టులన్నీ పాసైంది. హెసీ ఎగ్జిట్ పరీక్షలో 850 రావాలట, 790 వచ్చింది. రెండోసారి కూడా రాకపోతే పట్టా ఇవ్వమంటున్నారు. ఇన్నేళ్లు ఫీజు కట్టినంక ఇట్ల ఆపొచ్చా? అసలు 850 అంటే నూటికి ఎంత?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: 850 అనేది శాతం కాదు. ప్రశ్న ఎంత కష్టమైనదో చూసి బరువు కట్టి వేసే స్కోరు అది. అందుకే 790ని ‘నూటికి 79’ అని చదవకండి. పరీక్షను తయారుచేసే ఎల్సెవియర్ సంస్థ 850ని సరిపడే స్థాయిగా సూచిస్తుంది. కొన్ని కాలేజీలు 900 పెట్టుకుంటాయి. మీ అమ్మాయికి తగ్గింది 60 పాయింట్లు. సరైన చోట కష్టపడితే అందుకోగలిగేదే.

ఇక హక్కు సంగతి. నర్సు లైసెన్సుకు అసలు పరీక్ష ఎన్‌క్లెక్స్. హెసీ కాలేజీ పెట్టుకున్న గడప. మొదటి ప్రయత్నంలోనే ఎన్‌క్లెక్స్ పాసైనవారి శాతాన్ని రాష్ట్ర నర్సింగ్ బోర్డులు చూస్తాయి. చాలా రాష్ట్రాల్లో అది 80 శాతం చుట్టుపక్కల ఉండాలి, పడిపోతే కాలేజీ గుర్తింపుకే ముప్పు. గట్టెక్కరేమో అనిపించినవారిని ముందే ఆపడానికి ఎగ్జిట్ పరీక్ష పెడతారు. కానీ ఎక్కువ స్కోరు వచ్చినవారు ఎన్‌క్లెక్స్ పాసవుతారని ఈ పరీక్ష బాగానే చెప్పగలదు, తక్కువ వచ్చినవారు తప్పుతారని అంత నమ్మకంగా చెప్పలేదు. అమెరికాలోని నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఒక్క పరీక్ష మీదే ఇంత పెద్ద నిర్ణయం తీసుకోవద్దనే చెబుతాయి. మా అభిప్రాయమూ అదే: లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఎగ్జిట్ పరీక్ష మంచిది, దాని పేరు చెప్పి పట్టా ఆపడం అన్యాయం. అయితే మార్గదర్శకాలు చట్టం కావు. మీ అమ్మాయికి బలం కాలేజీ హ్యాండ్‌బుక్‌లోనే దొరకాలి.

తను చేరిన సంవత్సరపు హ్యాండ్‌బుక్ తీయమనండి, ఈ ఏటిది కాదు. ఎంత స్కోరు కావాలని రాశారు, ఎన్నిసార్లు రాయనిస్తారు, మధ్యలో రెమిడియేషన్ (వెనకబడిన చోట మళ్లీ నేర్పడం) ఇస్తామన్నారా, ఈ స్కోరు చివరి కోర్సు గ్రేడులో కలుస్తుందా – ఇవన్నీ చూడాలి. చేరినప్పుడు లేని నిబంధన తర్వాత వచ్చినా, ఇస్తామన్న రెమిడియేషన్ ఇవ్వకపోయినా అప్పీలుకు అదే ఆధారం. అప్పీలు గడువులు చాలా తక్కువగా ఉంటాయి. ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు, ఈమెయిల్ రాయాలి. ‘నాకు వర్తించే నిబంధన ఏ పేజీలో ఉంది?’ అని అడిగితే చాలు, జవాబు రాతలో వస్తుంది.

ఎఫ్-1 వీసా మీద ఉంటే ఇంకో సంగతి అంతకంటే తొందరైనది. కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ఉన్న ముగింపు తేదీ దాటకముందే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని కలిసి పొడిగింపు అడగాలి. తేదీ దాటితే స్టేటస్ చిక్కుల్లో పడుతుంది. అకడమిక్ ప్రొబేషన్ (మార్కులు తగ్గినందుకు కాలేజీ పెట్టే షరతు) వల్ల జరిగిన ఆలస్యానికి పొడిగింపు ఇవ్వరు, కాబట్టి తన రికార్డులో కాలేజీ ఏమని రాస్తోందో ముందే తెలుసుకోవాలి.

చదువుకు వస్తే, పుస్తకమంతా మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పడం మన పిల్లలు చేసే పెద్ద పొరపాటు. స్కోరు రిపోర్టులో విభాగాలవారీగా అంకెలు ఉంటాయి. అన్నిటికంటే తక్కువ వచ్చిన మూడింటితో మొదలుపెట్టాలి. రోజుకు 60–75 ప్రశ్నలు చాలు, కానీ రైటైనవాటికి కూడా వివరణ చదవాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాసుకోవాలి: విషయం తెలియదా, ప్రశ్న సరిగా చదవలేదా, ఎవరిని ముందు చూడాలో తేల్చుకోలేదా. చాలామందికి మూడోదే ఎక్కువ వస్తుంది. ఉదాహరణకు నలుగురు రోగులు: సీఓపీడీతో (ఏళ్లతరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఆక్సిజన్ 90 శాతం ఉన్నాయన, ఆపరేషన్ నొప్పి పదికి ఏడు అంటున్నామె, షుగర్ 210 ఉండి ఇన్సులిన్ కోసం చూస్తున్నాయన, థైరాయిడ్ తీసి 8 గంటలై ఊపిరి పీల్చేటప్పుడు గరగర చప్పుడు వస్తున్నామె. ముందు వెళ్లాల్సింది చివరామె దగ్గరికి, ఆమె శ్వాసనాళం మూసుకుపోతూ ఉండొచ్చు. సీఓపీడీలో 90 ఊహించేదే. బట్టీ పట్టిన జబ్బు లక్షణాలు ఇక్కడ అక్కరకు రావు.

‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ తరహా ప్రశ్నల్లో అనుమానమున్నదాన్ని టిక్కు పెట్టొద్దు. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో ఇలాంటి ప్రశ్నలకు కొన్ని మార్కులైనా దక్కుతాయి, కానీ తప్పు టిక్కు ఒప్పు టిక్కును తినేస్తుంది.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో బీఎస్సీ నర్సింగ్ ఆరో సెమిస్టర్. మాకు కూడా ఇట్లాంటి ఎగ్జిట్ పరీక్ష ఉందా?
– ఒక విద్యార్థిని

జవాబు: వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టే సెమిస్టర్ పరీక్షలే మీకు పట్టా తెచ్చేవి. కానీ 2021 సిలబస్‌లో గడపలు వేరే చోట ఉన్నాయి. ఇంగ్లిష్, ఎలెక్టివ్‌లు తప్ప మిగతా సబ్జెక్టుల్లో థియరీలో, ప్రాక్టికల్లో విడివిడిగా 50 శాతం రావాలి. పాత బకాయిలున్నా తరగతులకు కూర్చోనిస్తారు, పరీక్షకు కాదు: ఐదో సెమిస్టర్ పరీక్షకు ముందు వెనకటివన్నీ పాసై ఉండాలి, ఏడోదానికి ముందు మళ్లీ అంతే. అందుకే ఇప్పుడు ఒక్క పేపరు మిగిలినా వదిలేయకండి.

చాలామంది మరిచేది క్లినికల్ హాజరు. పరీక్ష రాయడానికి 80 శాతం చాలు, పట్టాకు మాత్రం 100 శాతం కావాలి. ఎంజీఎంలోనో జిల్లా ఆసుపత్రిలోనో తప్పిన డ్యూటీలన్నీ చివరికి పోగై ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ మీద పడతాయి. ఆ ఇంటర్న్‌షిప్పే వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు. తప్పిన డ్యూటీ అదే నెలలో చేసేయండి, లాగ్‌బుక్‌లో సంతకం అదే వారంలో తీసుకోండి. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ బదిలీ అయ్యాక ఆ సంతకం కోసం తిరగడం నరకం.

ప్రశ్న: ఎన్‌క్లెక్స్‌కు చదువుతున్నాను. మందుల లెక్కల్లోనే తప్పుతున్నాను, ఏం చేయాలి?
– మంచిర్యాల

జవాబు: సూత్రాలు తగ్గించి, యూనిట్లు రాయడం పెంచండి. హెపారిన్ 25,000 యూనిట్లు 500 మి.లీ.లో ఉంది, గంటకు 1,200 యూనిట్లు ఇవ్వాలి. ముందు ఒక మి.లీ.లో ఎంతో చూడాలి: 50 యూనిట్లు. 1,200ను 50తో భాగిస్తే గంటకు 24 మి.లీ.

చుక్కల లెక్కలో మనవాళ్లు అలవాటుగా 20తో గుణించేస్తారు. అక్కడ ప్రశ్నలో మి.లీ.కి 10, 15, 20 చుక్కలు ఏదైనా ఇస్తారు. 1000 మి.లీ. 8 గంటల్లో పోవాలంటే 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 42, 15 చుక్కల సెట్‌తో 31. బరువు పౌండ్లలో ఇస్తే ముందు 2.2తో భాగించి కిలోల్లోకి తేవాలి. రౌండ్ చేయడం చివర్లోనే, అదీ ప్రశ్నలో చెప్పినంతే. ఆర్డరు రాసేటప్పుడు 0.5 అనే రాయండి, .5 అని కాదు. 5 అని రాయండి, 5.0 అని కాదు. అంకెల మధ్య దశాంశ బిందువు కనపడకపోతే రోగికి పదింతల మందు పోతుంది.