ఎడిటింగ్‌కి కూర్చునే ముందే పాట సంగతి తేల్చుకో

చిన్నీ,

నువ్వు పంపిన పన్నెండు నిమిషాల సినిమా రెండుసార్లు చూశాను. ఆ అమ్మాయి బస్సు దిగి నడిచే సీను బాగుంది. దాని కింద వేసిన అమెరికన్ సోల్ సింగర్ బాబీ వోమాక్ పాట 'అక్రాస్ 110త్ స్ట్రీట్' ఇంకా బాగుంది. నా టెన్షనంతా ఆ పాట గురించే.

అది 1972లో అదే పేరున్న సినిమా కోసం చేసిన పాట. న్యూయార్క్‌లో ఆ వీధి దాటి ఉత్తరానికి వెళ్తే నల్లజాతివాళ్ళ పేటగా పేరున్న హార్లెమ్. పాతికేళ్ళ తర్వాత, 1997లో, డైరెక్టర్ టరంటినో దాన్ని తెచ్చి తన సినిమా 'జాకీ బ్రౌన్' మొదట్లో పెట్టాడు. ఆ కథ లాస్ ఏంజెలెస్‌ది, హార్లెమ్‌తో పనే లేదు. కానీ ఆ మొదటి సీనులో ఎయిర్‌పోర్టులో కనబడేది జాకీగా వేసిన పామ్ గ్రియర్. డెబ్బైలలో ఆవిడ సినిమాలు 'కాఫీ', 'ఫాక్సీ బ్రౌన్' చూసినవాళ్ళకి ఆవిడ ముఖమూ ఆ పాటా ఒకే కాలానివి. డైలాగు లేకుండానే, ఈవిడ చాలా చూసిన మనిషని తెలిసిపోతుంది. చివర్లో కారు నడుపుతూ ఆవిడే ఆ పాటకు పెదవులు కదుపుతుంది. అప్పుడు వింటే బరువు వేరు.

అందులో నాకు ఇంకా ఇష్టమైనది డెల్ఫానిక్స్ అనే సోల్ గ్రూపు పాట. జాకీ ఇంట్లో రికార్డు పెడుతుంది, ఆమెకి బెయిల్ ఇప్పించిన మ్యాక్స్ వింటాడు. తర్వాత షాపుకెళ్ళి క్యాసెట్ కొనుక్కుని కార్లో వేసుకుంటాడు. అతని మనసులో ఏముందో వేరే చెప్పక్కర్లేదు.

నీ సినిమాలో ఆ పాట ఎందుకుంది? 'ఫీల్ బాగుంది పెదనాన్నా' అంటావు. చాలదమ్మా. అది వినగానే చాలామందికి జాకీ గుర్తొస్తుంది, నీ అమ్మాయి పక్కకి పోతుంది. 2007లో 'అమెరికన్ గ్యాంగ్‌స్టర్' సినిమా కూడా ఆ పాట వాడుకుంది, కానీ అది హార్లెమ్ కథే కాబట్టి చెల్లింది.

ఇక కాగితాలు. పాట రాసినవాళ్ళ తరఫు పబ్లిషర్ దగ్గర సింక్ లైసెన్స్, అంటే ఆ పాటని బొమ్మకి జతచేసే అనుమతి, తీసుకోవాలి. ఆ రికార్డింగ్ ఎవరిదో, ఎక్కువగా లేబుల్‌దే (రికార్డు కంపెనీదే), వాళ్ళ దగ్గర మాస్టర్ లైసెన్స్, అంటే ఆ రికార్డింగ్ వాడుకునే అనుమతి. ఒకటి వచ్చి రెండోది రాకపోతే ఆ రికార్డింగ్ వాడలేవు. పది సెకన్లయితే ఫ్రీ అని ఎవరో చెప్పారన్నావు, ఒట్టి మాట.

హిప్‌హాప్ ఇంకా చిక్కు, ఒక పాట కడుపులో ఇంకో పాట ఉంటుంది. 1995లో 'డేంజరస్ మైండ్స్' సినిమాలో మోగిన ర్యాపర్ కూలియో పాట 'గ్యాంగ్‌స్టాస్ ప్యారడైజ్' నిలబడింది స్టీవీ వండర్ 1976 నాటి 'పాస్‌టైమ్ ప్యారడైజ్' మీద. బూతులు లేకుండా ఉంటేనే అని వండర్ షరతు పెట్టాడు. మాటలు మార్చారు, పాట పెద్ద హిట్టయింది. అలాంటి పాట కావాలంటే ర్యాపర్ వైపువాళ్ళు ఒప్పుకుంటే సరిపోదు, లోపలి పాటవాళ్ళూ ఒప్పుకోవాలి. ఒకసారి మా సినిమాలో ఇలాగే, రిలీజుకి వారం ముందు, పాట లోపల నాలుగు సెకన్ల ట్రంపెట్ ఎవరిదో తేలక మొత్తం తీసేశాం. ఎడిటర్ నాతో నెల రోజులు మాట్లాడలేదు!

ముందు ఫెస్టివల్ లైసెన్స్ (ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో చూపించడానికి) మాత్రమే అడుగు, తక్కువలో వస్తుంది. సీను ఏమిటో, పాట ఎన్ని సెకన్లో, ఎక్కడ చూపిస్తావో మెయిల్లో రాయి. తర్వాత ఓటీటీకి వెళ్తే ఎంతో కూడా ఇప్పుడే రాయించుకో. లేదా మీ ఊళ్ళో లేబుల్ లేని సోల్ సింగర్‌ని వెతుకు. తనే రాసి, తనే పాడి, రికార్డు చేయించుకున్న పాటైతే ఒక్క మనిషితో మాట్లాడితే పని అయిపోతుంది.

ఈలోగా ఆ సీను పాట తీసేసి ఒకసారి పంపు. బస్సు బ్రేకుల చప్పుడు మాత్రం ఉంచు.

పెదనాన్న