తలుపు తెరిచి ఉండిపోయిన ఫ్రిజ్

వేళచ్చేరిలోని మీ ఇంట్లో రాత్రంతా ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉండిపోయిందనీ, అప్పటినుంచి మోటారు ఆగకుండా తిరుగుతున్నా కింది అర చల్లబడటం లేదనీ రాశారండి. యంత్రం చెడిపోయిందని ఇప్పుడే కంగారు పడకండి. ఫ్రిజ్ లోపలి వేడిని గ్యాస్ ద్వారా తోడి, బయటి గొట్టాల గుండా గదిలోకి వదులుతుంది. చెన్నై గాలిలోని తేమ రాత్రంతా లోపలికి చేరి, చల్లటి కాయిల్ మీద మంచుగా గడ్డకట్టి, ఫ్యాన్ గాలికి దారి మూసేసి ఉంటుంది.

ప్లగ్గు తీసి, తలుపులు బార్లా తెరిచి, లోపలి పలక వెనుక దాగిన మంచు కూడా కరిగేలా సుమారు 12 గంటలు వదిలేయండి. దయచేసి కత్తితో గీకకండి; గొట్టానికి చిల్లు పడితే, చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఐసోబ్యూటేన్ అనే మండే వాయువు బయటికి వస్తుంది. రాత్రంతా వెచ్చబడిన పాలు, సాంబారు, మాంసం పారబోయండి, ఎందుకంటే వాటిలో పెరిగిన సూక్ష్మజీవులు వదిలే కొన్ని విషాలు మరిగించినా పోవు.

తలుపు తెరిచి ఉంచితే వంటగది చల్లబడుతుందా అనీ అడిగారు. చల్లబడదు, తోడిన వేడికి మోటారు వాడుకున్న కరెంటు వేడి కూడా కలిసి గది ఇంకా వేడెక్కుతుంది.

చివరగా, తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారి వస్తే రబ్బరు మార్పించాలి.