విదేశీ సైనికులకు తాము సేవ చేసిన దేశంలో నివాస హక్కు ఇవ్వాలా? బ్రిటన్ గూర్ఖాల సంగతేంటి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. బ్రిటన్ సైన్యంలో పనిచేసిన నేపాలీ గూర్ఖాలకు అక్కడే స్థిరపడే హక్కు ఇవ్వడం న్యాయమేనా, ఇస్తే ఆ హక్కు నిజంగా చేతికి అందుతోందా అని. న్యాయమే. అందులో నాకు సందేహం లేదు. అందడం దగ్గరికొస్తే మాత్రం కథ తేదీల మీద నడుస్తుంది. ఒక్క తేదీకి అటు ఉన్నారా ఇటు ఉన్నారా అన్నదే ఒక్కో కుటుంబం రాత రాసింది.

ముందు అవతలివాళ్ల వాదన, ఎందుకంటే అది కొట్టిపారేసేది కాదు. 1947లో బ్రిటన్, ఇండియా, నేపాల్ చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం గూర్ఖా నేపాల్ పౌరుడిగానే చేరతాడు, నేపాల్ పౌరుడిగానే పనిచేస్తాడు, దిగిపోయాక నేపాల్లోనే స్థిరపడతాడు. పింఛను కూడా నేపాల్ ఖర్చుల లెక్కన కట్టారు. అప్పట్లో మామూలు బ్రిటిష్ సైనికుడికి 22 ఏళ్ల సర్వీసు ఉంటేగానీ వెంటనే పింఛను వచ్చేది కాదు, గూర్ఖాకు 15 ఏళ్లకే వచ్చేది. "తెలిసే సంతకం పెట్టారు కదా" అంటారు. నిజమే, కానీ ఆ లెక్కంతా రెజిమెంట్లు మలయాలో, హాంగ్‌కాంగ్‌లో ఉన్న రోజులది. హాంగ్‌కాంగ్‌ను చైనాకు అప్పగించిన రోజున, 1997 జులై 1న, గూర్ఖా బ్రిగేడ్ స్థావరం ఇంగ్లండ్‌కు మారింది. బతుకంతా బ్రిటన్‌కు మారాక కూడా "నీ ఊరు నేపాల్లోని పొఖరా" అనడం కుదరదు.

మన దేశంలో ఈ తగువే రాలేదని చాలామందికి తెలియదు. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లలో నాలుగు బ్రిటన్‌కు, ఆరు ఇండియాకు వచ్చాయి. ఆ తర్వాత ఇండియా 11వ దాన్ని మళ్లీ నిలబెట్టింది. 1950 ఇండియా-నేపాల్ ఒప్పందం 7వ అధికరణ ప్రకారం ఒక దేశం వాళ్లు రెండో దేశంలో నివాసం ఉండొచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. మన వీధుల్లో రాత్రిళ్లు ఈల వేస్తూ, కర్ర తాటించుకుంటూ తిరిగి, నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడే గూర్ఖాకు వీసా అక్కర్లేకపోవడానికి కారణం అదే. సైన్యంలో చేసినా చేయకపోయినా ఒకటే. పౌరసత్వం మాత్రం వేరే సంగతి. ఫ్రాన్స్ దారి ఇంకోటి: విదేశీయులను చేర్చుకునే తన సైనిక దళం ఫారిన్ లీజియన్‌లో మూడేళ్లు చేసి మంచి నడవడిక సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి పదేళ్ల నివాస కార్డుకు అర్హత వస్తుంది. యుద్ధంలో గాయపడితే 1999 చట్టం కింద నేరుగా పౌరసత్వమే అడగొచ్చు.

బ్రిటన్ మొదట చేసిన పని సగం పని. 2004లో రూలు తెచ్చింది: నాలుగేళ్ల సర్వీసు ఉండి, 1997 జులై 1న గానీ ఆ తర్వాత గానీ దిగిపోయినవాళ్లకే స్థిర నివాసం. జూన్ 30న దిగిపోయినవాడు బయటే. 2008 సెప్టెంబర్ 30న హైకోర్టులో జస్టిస్ బ్లేక్ పాతవాళ్ల విషయంలో పెట్టిన మార్గదర్శకాలు చెల్లవన్నారు. అప్పుడు ప్రభుత్వం 2009 ఏప్రిల్ 24న ఐదు షరతులతో కొత్త జాబితా తెచ్చింది: బ్రిటన్‌లో మూడేళ్లు నివాసమో, దగ్గరి కుటుంబం అక్కడ ఉండడమో, పెద్ద శౌర్య పతకమో, సర్వీసు వల్ల వచ్చిన దీర్ఘకాలిక జబ్బో, లేదా 20 ఏళ్ల సర్వీసో. ఆ చివరిదాన్ని కాస్త ఆగి చూడండి. మామూలు రైఫిల్‌మన్‌కు, అంటే సిపాయికి, ఇచ్చేదే 15 ఏళ్ల ఉద్యోగం, వాణ్ని 20 ఏళ్లు చూపించమన్నారు! ఎక్కువగా ఆఫీసర్లకే దక్కే షరతు అది. ఐదు రోజులకే, ఏప్రిల్ 29న, దీనికి వ్యతిరేకంగా ప్రతిపక్ష లిబరల్ డెమోక్రాట్ పార్టీ పార్లమెంటులో పెట్టిన తీర్మానం 267-246 ఓట్లతో నెగ్గింది. నటి జోఅన్నా లమ్లీ ముందు నిలబడి నడిపిన ప్రచారం ఒత్తిడి కూడా తోడై, మే 21న హోం మంత్రి జాకీ స్మిత్ నాలుగేళ్లు చేసిన మాజీ గూర్ఖాలందరూ రావచ్చని పార్లమెంటులో ప్రకటించారు.

ఇక ఇప్పుడు దిగిపోయేవాళ్ల సంగతి. గూర్ఖాలకే కాదు, ఫిజీ, ఘనా లాంటి కామన్వెల్త్ దేశాల నుంచి చేరినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సైన్యంలో ఉన్నంతకాలం 1971 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లకు వీసా నిబంధనల నుంచి మినహాయింపు, పాస్‌పోర్టులో ఆ ముద్ర ఉంటుంది. వినడానికి బాగుంటుంది గానీ చిక్కంతా ఇందులోనే ఉంది. సైన్యం నుంచి డిశ్చార్జి అయిన రోజున ఆ మినహాయింపు ఊడిపోతుంది, చేతిలో మిగిలేది 28 రోజులు. ఈలోగా దరఖాస్తు పడకపోతే ఉద్యోగం చేసే హక్కు ఉండదు, ఇల్లు అద్దెకు దొరకదు, ఆస్పత్రి బిల్లు పడుతుంది. పదేళ్లు పనిచేసినవాడు కూడా ఇలా అక్రమ నివాసి అయిపోతాడు. పాస్‌పోర్టులో ముద్ర చూసుకుని "నాకు హక్కుంది కదా" అనుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. డిశ్చార్జికి 18 వారాల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ వారంలోనే పెట్టేయడం మంచిది. దిగిపోయాక రెండేళ్లు దాటితే మామూలు దారి మూసుకుపోతుంది.

కావలసింది నాలుగేళ్ల సర్వీసు. సర్వీసు వల్ల వచ్చిన గాయం, జబ్బుతో పంపించేస్తే నాలుగేళ్ల లెక్క పట్టదు. ఆ నాలుగేళ్లు ఇంగ్లండ్‌లోనే ఉండక్కర్లేదు, గూర్ఖా దళం ఉండే బ్రూనైలో గడిచినవీ లెక్కే. వర్క్ వీసా మీద ఉండి ఏడాదిలో 180 రోజులు దాటకుండా ప్రయాణాలు లెక్కపెట్టుకునే మనవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. తర్వాత పౌరసత్వానికి వెళ్లినప్పుడు, ఐదేళ్ల గడువు మొదలైన రోజున బ్రిటన్‌లోనే ఉండాలన్న నిబంధనను సైనికులకు 2014 చట్టం సడలించింది. 2010 జనవరి 13 తర్వాత, తండ్రిగానీ తల్లిగానీ సర్వీసులో ఉండగా బ్రిటన్‌లో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్. విదేశంలో పుడితే రిజిస్టర్ చేయించాలి.

ఫీజు దగ్గర ఇంకో మెలిక. 2022 ఏప్రిల్ 6 నుంచి ఆరేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు స్థిర నివాస ఫీజు మాఫీ చేశారు, అప్పటికి అది మనిషికి సుమారు 2,400 పౌండ్లు. కానీ ఆ మాఫీ సైనికుడికి మాత్రమే ఇచ్చారు, భార్యకూ ఇద్దరు పిల్లలకూ కలిపి అప్పటి లెక్కన 7,000 పౌండ్ల పైనే పడింది. పైగా హక్కుకు నాలుగేళ్లు, మాఫీకి ఆరేళ్లు అన్నారు. ఈ రెండేళ్ల తేడాకు కారణం నాకైతే కనిపించదు.

పాత గూర్ఖాలకు హక్కు దొరికాక అసలు కష్టం మొదలైంది. వచ్చినవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు, చేతిలో నేపాల్ లెక్కన కట్టిన పింఛను. 1997 జులై తర్వాత దిగిపోయినవాళ్లకు 2007లో సాధారణ సైనిక పింఛను పథకంలోకి మారే అవకాశం ఇచ్చారు గానీ, 1997కు ముందు సర్వీసును పూర్తి విలువలో కొంత భాగంగానే కట్టారు. అంతకు ముందే దిగిపోయినవాళ్లకు ఆ అవకాశమూ లేదు. ఇది వివక్ష కాదని 2016లో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. 2021 ఆగస్టులో బ్రిటన్ ప్రధాని కార్యాలయం ఉన్న డౌనింగ్ స్ట్రీట్ ఎదుట నిరాహార దీక్ష జరిగింది దీని గురించే. ఆ పింఛను చాలకే ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్‌లో, రెడింగ్‌లో ఉన్న ముసలి దంపతులు పెన్షన్ క్రెడిట్ మీద, అంటే తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే భృతి మీద, బతుకుతారు. 2016 జులై నుంచి దానికి కొత్త పరిమితి వచ్చింది, దేశం దాటి నాలుగు వారాలకు మించితే ఆగిపోతుంది. దసాయిన్ (నేపాలీల దసరా) పండక్కి ఊరెళ్లి, ఎలాగూ వచ్చాం కదా అని తీహార్ (వాళ్ల దీపావళి) దాకా ఉండిపోతే చాలు, డబ్బు ఆగుతుంది, ఇంటి అద్దెకు ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్ కూడా. దగ్గరి బంధువు చనిపోతే ఎనిమిది వారాల వరకు పొడిగింపు అడగొచ్చు. రెండేళ్లకు మించి బయటే ఉంటే స్థిర నివాస హక్కే రద్దవుతుంది.

పద్దెనిమిది దాటిన పిల్లల కేసులు ఇంకా నలుగుతున్నాయి. తండ్రికి 1997కు ముందే హక్కు ఇచ్చి ఉంటే పిల్లలు మైనర్లుగా వెంట వచ్చేవాళ్లు. ఈ చారిత్రక అన్యాయాన్ని కోర్టులు ఒప్పుకున్నాక, 2015లో బ్రిటన్ హోం శాఖ 18 నుంచి 30 ఏళ్ల పిల్లలకు దారి ఇచ్చింది: తల్లిదండ్రుల మీద డబ్బుకూ మనసుకూ ఆధారపడి ఉండాలి, చదువు కోసం తప్ప రెండేళ్లకు మించి విడిగా ఉండకూడదు. తిరస్కరణలు ఎక్కువగా ఈ రెండేళ్ల దగ్గరే. తండ్రి ముందు వచ్చేసి, పిల్లల దరఖాస్తుకు డబ్బు కూడబెట్టేసరికి గడువు దాటిపోతుంది. ఇంకో గండం పుట్టిన తేదీ: రెజిమెంట్ దగ్గరుండే కుటుంబ జాబితాలో, అదే కిండ్రెడ్ రోల్‌లో, ఒకటి, నాగరికతా కార్డులో, అంటే నేపాల్ పౌరసత్వ పత్రంలో, మరొకటి ఉంటుంది. ముందే సరిచేయించాలి, కుదరకపోతే ఎందుకు తేడా వచ్చిందో అఫిడవిట్ జత చేయాలి. రెండేళ్లు దాటినా తలుపు పూర్తిగా మూసుకోదు. కుటుంబ జీవితం కింద అప్పీలు చేస్తే, తల్లిదండ్రుల తోడ్పాటు నిజంగా ఉందా అని ట్రిబ్యునల్ చూస్తుంది. ప్రతి నెలా పంపిన డబ్బు రసీదులు, ఫోన్ కాల్స్ జాబితా, ఊరెళ్లినప్పటి టికెట్లు, పిల్ల ఉంటున్న ఇల్లు ఎవరి పేరున ఉందో చూపే కాగితం పెట్టండి. బయటి దేశం నుంచి అయితే అప్పీలుకు నిర్ణయం అందిన రోజు నుంచి 28 రోజులే గడువు.