మీ అత్తవారి వంశమూలం వెదికే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ మామగారి ముత్తాత 1880ల చివర ఇంగ్లండులోని లాంకషైర్ నుంచి అమెరికా వచ్చి మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ నూలు మిల్లులో చేరాడని, ఆయన పుట్టిన ఊరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదని వ్రాశావు. ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడి గ్రంథాలయంలో ఇటువంటి వెదుకులాటలకు ఏళ్ల తరబడి సాయపడినవాణ్ణి కనుక ముందే చెబుతున్నాను: ఊరి పేరు చేతికి చిక్కేదాకా ఇంగ్లండు దస్తావేజుల జోలికి పోవద్దు. ఒకసారి నేనే తొందరపడి, పేరూ వయసూ సరిపోయాయని ఓల్డమ్ పట్టణపు నేతగాడొకడి వంశాన్ని ఆరు నెలలు తవ్వాను. తీరా చూస్తే అతడు ఇంగ్లండు విడిచి రానేలేదు, 1891 జనాభా లెక్కల్లో భార్యాబిడ్డలతో అక్కడే ఉన్నాడు.

1890 అమెరికా జనాభా లెక్కల కాగితాలు 1921 నాటి అగ్నిప్రమాదం కారణంగా దాదాపు ఏమీ మిగలలేదు కనుక 1900 లెక్కలతో మొదలుపెట్టు. ఆ పట్టికలో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చిన సంవత్సరం ఉంటాయి. తల్లి పేరుకు ఎదురుగా ఎందరిని కన్నదీ, ఎందరు బతికి ఉన్నదీ రెండు అంకెలు వేస్తారు. తొమ్మిది, నాలుగు అని కనబడితే మిగిలిన ఐదుగురి మరణ నమోదులు వెదకాలన్నమాట. మసాచుసెట్స్ 1841 నుంచే జనన మరణాలను రాష్ట్ర స్థాయిలో నమోదు చేసింది, ఆ చిన్నారుల నమోదులో తల్లిదండ్రులు పుట్టిన చోటు కూడా కనిపించవచ్చు. చాలాసార్లు అక్కడ ఇంగ్లండు అని మాత్రమే ఉంటుంది, ఒక్కోసారి ఊరే దొరుకుతుంది.

అదే పట్టికలో పౌరసత్వపు గడి చూడు. ‘ఎ-ఎల్’ అన్న రెండక్షరాలుంటే, అంటే అప్పటికి ఆయన ఇంకా విదేశీయుడే అయితే, పౌరసత్వం 1906 తరువాత తీసుకుని ఉండే వీలుంది కనుక సంతోషించు. 1906 సెప్టెంబరుకు ముందు ఏ కోర్టుకు ఆ కోర్టు తన పద్ధతిలో ఇచ్చిన పౌరసత్వ పత్రాల్లో బ్రిటన్ రాణికి విధేయత వదులుకున్నాడన్న మాట తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఆ తరువాతి దరఖాస్తులో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, దిగిన తేదీ అన్నీ అడిగారు. ఓడల జాబితాలకు న్యూయార్క్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కు నేరుగా ఓడలు నడిచేవి.

ఊరు తెలిసిన తరువాత ఇంగ్లండు పని సులువు. 1881 ఏప్రిల్ 3 నాటి లెక్కల్లో ఆ పిల్లవాణ్ణి తల్లిదండ్రుల ఇంట్లో పట్టుకోవచ్చు. 1851 నుంచీ ఆ లెక్కల్లో ప్రతివారూ పుట్టిన పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి, వ్రాశారు. జనన నమోదు 1837 జూలైలో మొదలైనా, నమోదు చేయించకపోతే జరిమానా అన్నది 1875లో గాని రాలేదు; అందుచేత ఆ జనన నమోదుల సూచికలో కొందరి పేర్లు లేవు, వారి కోసం చర్చి బాప్తిస్మపు పుస్తకం చూడాలి. పెళ్లి ధ్రువపత్రం తప్పక తెప్పించు. అందులో వధూవరులిద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి. సంతకం చోట ఇంటూ గుర్తు ఉంటే వారికి వ్రాయడం రాదన్నమాట, పేరు అక్షరక్రమం గుమాస్తా చెవికి తోచినట్టు పడుతుంది.

మన ఇంటిపేరులో పూర్వీకుల ఊరు పలికినట్టే ఆష్‌వర్త్, బటర్‌వర్త్ వంటి పేర్లలోనూ ఊరు వినబడుతుంది గాని, అవి కొన్ని శతాబ్దాల కిందటే స్థిరపడి జిల్లా అంతా వ్యాపించాయి కనుక వాటిని నమ్ముకోవద్దు.

1900 పట్టిక పుట దొరకగానే ప్రతి పంపు. ఆ చేతిరాతలో ఒకటికీ ఏడుకూ తేడా కనబడదు, భూతద్దం పెట్టి నేను కూడా చదువుతాను.